రాహేలమ్మ కన్ను

ఎలీశమ్మ కుడికన్ను పోయిన ఏడాదే పోయింది. ఎడమకంటి నరం కూడా ఎండిపోతోందనీ, చుక్కల మందుతో కొంతకాలం నెట్టుకురావడమే తప్ప చేసేదేమీ లేదనీ డాక్టరు చెప్పాడు. "కొంతకాలం అంటే ఎన్నాళ్ళు సార్?" అని పుష్పలత అడిగితే, "ఈ క్రిస్మస్‌కి మనుషుల మొహాలు గుర్తుపడుతుంది. వచ్చే క్రిస్మస్ సంగతి నేను చెప్పలేను" అన్నాడు. దవాఖాన నుంచి బయటపడి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడ్డప్పుడు ఎలీశమ్మ నిమ్మళంగానే ఉంది. చెరుకురసం తాగుతానంది, తాగింది. పరేషాన్ అంతా పుష్పలతదే.

ఆ పరేషాన్‌లో పెద్దమ్మ మీద ప్రేమ ఎంతుందో స్వార్థమూ అంతే ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. యాభైయారేళ్ళు వచ్చినా పుష్పలతకు కన్నతల్లి ముఖం తెలియదు. తల్లి రాహేలమ్మ పోయేనాటికి ఆమెకు నాలుగేళ్ళు. తండ్రి పౌలు కూడా పోయి ఇరవై ఏళ్ళు దాటింది. రాహేలమ్మను బాగా ఎరిగి, ఇంకా బతికి ఉన్నది ఆమె అక్క ఎలీశమ్మ ఒక్కతే. ఈ ఎనభైనాలుగేళ్ళ ముసలామెకు ఆ ఒక్క చూపూ పోతే, "అవును, నా చెల్లె ఇట్లనే ఉండె" అని చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

ఫొటో లేదా అంటే, ఉంది. రామన్నపేట అవతల వాళ్ళ ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే, పెట్టె మూసేముందు చుట్టూ నిలబడి ఫొటో దిగడం రివాజు. ఆ రోజుల్లో బతికున్నన్నాళ్ళూ ఫొటో ఊసే ఎవరికీ వచ్చేది కాదు. పోయాక మాత్రం భువనగిరి నుంచి ఫొటో ఆయన్ని పిలిపించేవాళ్ళు. అట్లా దిగిందే రాహేలమ్మ మొదటి ఫొటో, ఆఖరి ఫొటో. పెట్టె చుట్టూ పద్నాలుగు మంది కళ్ళార్పకుండా కెమెరా వైపు చూస్తుంటారు. తండ్రి చంకలో నాలుగేళ్ళ పుష్పలత అటు తిరిగి ఉంటుంది. పెట్టెలో రాహేలమ్మ, మెడదాకా బంతిపూలు, మూసిన కళ్ళు.

ఆ మూసిన కళ్ళే పుష్పలతకు జన్మంతా అడ్డం. చిన్నప్పుడు ఎవరిని పట్టుకుని "మా అమ్మ ఎట్లుండె?" అని అడిగినా ఒకటే జవాబు. బంగారం అనేవాళ్ళు, పున్నమి చంద్రుడనేవాళ్ళు, ఆ కండ్లు సూడాలె అనేవాళ్ళు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడని పెద్దలు ఊరికే అన్నారా? చారెడేసి కళ్ళని అందరూ చెప్పారు గానీ, ఆ కళ్ళు ఎట్లా చూసేవో ఒక్కరూ చెప్పలేదు.

డాక్టరు మాట విన్నరోజే పుష్పలత గట్టిగా అనుకుంది. పెద్దమ్మ కన్ను ఉండగానే అమ్మ కళ్ళు తెరిపించాలి, పెద్దమ్మ చేత అవుననిపించాలి.

మొదటి ప్రయత్నం కూతురు ప్రసన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల. ఫోన్‌లో లేని విద్య లోకంలో లేదని దాని నమ్మకం. ఫొటోను ఏదో యాప్‌లో వేసింది. రెండు నిమిషాల్లో రాహేలమ్మ కళ్ళు తెరిచి, రెప్పలు ఆడించి, పళ్ళు కనిపించేట్టు నవ్వింది. కన్ను పోయేంత కాటుక కూడా పెట్టింది ఆ యాప్. ఎలీశమ్మ ఫోన్‌ను ఎడమకంటికి ఆనించుకుని చూసింది.

"ఎవలే గీమె? టీవీల వార్తలు సదివేటామెనా?"

"మీ చెల్లెనే అమ్మమ్మా!"

"మా చెల్లెకు గన్ని పండ్లు యాడియే?" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు పుష్పలత పనులన్నీ పక్కన పెట్టింది. ఇంటి ముందుగదిలోనే మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుందామె. క్రిస్మస్ ముందు ఆమెకు ఊపిరాడదు. అయినా కుట్టాల్సిన బట్టలు మూటగట్టి మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, డిపో వెనక గల్లీలో ఉన్న భానుమూర్తి ఫొటో స్టూడియోకు పోయింది. భానుమూర్తి తెనాలి వైపు మనిషి. నలభై ఏళ్ళ కింద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒకప్పుడు కుంచెతో, ఇప్పుడు కంప్యూటర్‌తో పోయినవాళ్ళకు కళ్ళు తెరవడం ఆయన పని. స్టూడియో గోడమీద దండలేసుకుని కళ్ళు తెరుచుకున్న వాళ్ళలో సగం మంది కళ్ళు ఆయన పెట్టినవే.

ఆయన ఫొటోను కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "కళ్ళు నేను కల్పించకూడదమ్మా. కల్పిస్తే వేరే మనిషి అయిపోతారు. రక్తసంబంధీకుల కళ్ళు తెచ్చి పెడతాను నేను. అమ్మగారిది ఇక్కడ పాతికేళ్ళ వయసు కదా, మీది పెళ్ళికి ముందటి ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వండి."

"లేదు సార్" అంది పుష్పలత.

"ఒక్కటీ లేదా? స్కూల్లో దిగింది? హాల్ టికెట్టుది?"

"పెండ్లిదే ఉన్నది. దానికి ముందటివి ఏవీ లేవు."

ఎందుకు లేవో ఆయనకు చెప్పలేదు. పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా పుష్పలతకు మెల్లకన్ను. ఎడమకంటి నల్లగుడ్డు ముక్కువైపు జరిగి ఉండేది. బడిలో పిల్లలు పెట్టిన పేర్లు ఆమె ఎన్నడో మరిచిపోయింది. మరవనిది పెద్దమ్మ మాట. చంకనెత్తుకుని అన్నం తినిపించే పెద్దమ్మే మధ్యలో ముద్ద ఆపి, "నన్ను సూస్తున్నవానే, నా ఎనక గోడను సూస్తున్నవా?" అని నవ్వేది. బయటివాళ్ళ ఎగతాళి బయటే ఉంటుంది. ఇంటి మనిషిది అన్నంతోపాటు లోపలికి పోతుంది. సంబంధాలు రెండు తప్పిపోయాక తండ్రి ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాడు. కట్టు విప్పిన రోజు అద్దంలో చూసుకుని ఆమె నవ్వితే, ఆయన ఏడ్చాడు. సంతోషంతో అనుకుంది. ఇంటికి వచ్చిన రోజే కత్తెర పట్టుకుని, తను ఉన్న పాత ఫొటోలన్నీ ముక్కలు చేసింది. గుంపు ఫొటోల్లో తన తల వరకు కత్తిరించి తీసింది. కత్తెర పని ఆమెకు అప్పటికే బాగా వచ్చు.

భానుమూర్తి పెళ్ళి ఫొటోలోని కళ్ళతోనే పని కానిచ్చాడు. నాలుగు రోజుల తర్వాత పుష్పలతకు చూపించాడు. చక్కటి విశాలమైన కళ్ళతో ఒక పాతికేళ్ళ మనిషి తనవైపు నేరుగా చూస్తోంది. "అమ్మా" అని లోపల్లోపల పిలిచి చూసుకుంది. తిరుగు మెట్రోలో ఆ కవరును ఒడిలోంచి దించలేదు.

ఎలీశమ్మ ఆ ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది. గీమె మంచి మనిషే" అంది చివరికి. "మా రాహేలు గాదు."

పుష్పలతకు ఒళ్ళు మండింది. "ఏం గాదు? ముక్కు అమ్మది, మూతి అమ్మది, కండ్లు నావి. ఇంకేం గాదు పెద్దమ్మా? నీ కన్ను ఇంకెన్ని దినాలుంటదని గిట్ల తిప్పుతున్నవు? తెలిస్తే సక్కగ చెప్పు. లేకుంటే తెలువదని చెప్పు, నేను ఊకుంట!"

అనేశాక అయ్యో అనుకుంది. పోయే కన్ను గురించి అట్లా ఎవరైనా అంటారా? ప్రసన్న కూడా అన్నం తింటున్నది ఆపి తల్లివైపు చూసింది. ఎలీశమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు. కొంచెంసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "నా బైబిలు తేపో" అంది.

చదువు రాని ఎలీశమ్మకు బైబిలంటే బీరువాతో సమానం. జిప్పు కవరులో తలకింద పెట్టుకుని పడుకుంటుంది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. జిప్పు తీసి, వేళ్ళతో పేజీల మందం తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి, మడతల దగ్గర చిరుగుతున్న ఉత్తరం ఒకటి బయటికి తీసింది.

"నేను వేరే ఊళ్ళె ఉన్నప్పుడు మీ నాయిన రాసిండు. చర్చి అయ్యగారు ఒక్కసారి సదివి ఇనిపిచ్చిండు. నీకు చెప్పొద్దన్నడు మీ నాయిన, నేను చెప్పలే. ఆయినె పాయె, నా కన్ను గూడ పోవట్టె. ఇంక ఎవలి కోసం దాసుడు? సదువు."

పౌలు గుండ్రటి అక్షరాలు నీలం సిరాలో వెలిసిపోయి ఉన్నాయి. పుష్పలత పైకే చదివింది.

"వదినె గారికి ప్రభువు నామమున వందనములు. ఇక్కడ మేము క్షేమము. పుష్ప కన్ను ఆపరేషను మంచిగ అయినది, చూపు సక్కగ నిలిచినది. పిల్ల తన పాత ఫొటోలు అన్నీ కత్తెరతో ముక్కలు చేసినది. నేను ఏమీ అనలేదు. ఈ ఒక్కటి నా అంగీ జేబులో ఉండి బతికినది. మీకు తెలుసును, అది రాహేలు చూపు. పిల్ల నా ఎదురుగ కూర్చుండి అన్నం తింటుంటే రాహేలే చూసినట్టు ఉండేది. ఇప్పుడు మా ఇంట్ల ఆ చూపు లేదు. నా దగ్గర ఉంటే పిల్ల దీన్ని కూడ చించును, మీ దగ్గర దాచగలరు. ఈ సంగతి పిల్లకు చెప్పవద్దు. ఇప్పుడిప్పుడే తల ఎత్తి నడుస్తున్నది."

చివరి రెండు వరుసలు ప్రసన్న అందుకుని చదవాల్సి వచ్చింది. ఉత్తరం మడతలోంచి గోరంత ఫొటో ఒకటి జారింది. చర్చిలో కన్ఫర్మేషన్ నాడు తెల్ల ముసుగు వేసుకుని దిగిన పదహారేళ్ళ పుష్పలత. ఎడమకన్ను ముక్కువైపు చూస్తోంది.

"అమ్మకు గూడనా?" అంది పుష్పలత.

"ఎడమదే. అచ్చు గిట్లనే."

"మరి ఎవ్వలూ ఒక్కసారన్న చెప్పలేదేంది?"

"సచ్చిన మనిషికి వంక వెడ్తరా బిడ్డా?" అంది ఎలీశమ్మ.

పుష్పలత లేచి మిషన్ ముందుకు పోయి కూర్చుంది. కట్టు విప్పిన రోజు తండ్రి ఎందుకు ఏడ్చాడో ఇప్పుడు తెలిసింది. తన బిడ్డ సుఖం కోసం భార్య చూపును చేతులారా చెరిపించుకున్నాడు ఆ మనిషి, ఒక్క మాటా అనకుండా. అమ్మ ఎట్లా ఉండేదని ఊరంతా అడుగుతూ తిరిగింది తను. పందొమ్మిదేళ్ళు అద్దంలో కనిపించింది అమ్మే. కనిపించిన ప్రతిసారీ అసహ్యించుకుంది. పెద్ద కత్తెర అక్కడే మిషన్ మీద ఉంది. దాన్ని సొరుగులో పడేసి, తల మిషన్‌కు ఆనించి, గొంతు విప్పి ఏడ్చింది.

మర్నాడే మళ్ళీ స్టూడియో. భానుమూర్తి ఆ గోరంత ఫొటోను పెద్దది చేసి, కళ్ళు తీసి, రాహేలమ్మ ముఖంలో కూర్చోబెట్టాడు. సాయంత్రం ఆమెను కంప్యూటర్ ముందుకు పిలిచి చూపించాడు. పుష్పలత చూసి నీరుగారిపోయింది. రెండు కళ్ళూ నేరుగా చూస్తున్నాయి.

"ఎడమ కన్ను కొంచెం పక్కకు ఉందమ్మా, సరిచేసేశాను" అన్నాడాయన, తృప్తిగా. "దానికి వేరే ఏమీ తీసుకోను లెండి."

"సరిచేయొద్దు సార్. ఎట్లున్నదో గట్లనే పెట్టుండ్రి."

భానుమూర్తికి అర్థం కాలేదు. "ఇంట్లో గోడకు పెట్టుకునే ఫొటో కదండీ. వంకర కన్ను సరిచేయమని వచ్చేవాళ్ళనే చూశాను నేను. నలభై ఏళ్ళుగా ఎంతమందికి కళ్ళు తెరిచానో. ఒక్కరికీ మెల్లకన్ను పెట్టలేదమ్మా. చెయ్యి రాదు."

"నా కన్ను సరిచేయించుకునే ఇంతదాంక తెచ్చుకున్న సార్" అంది పుష్పలత. "మా అమ్మనన్న ఉండనియ్యుండ్రి."

ఆయన ఆమె ముఖంలోకి, ఆ చిన్న ఫొటోలోకి మార్చి మార్చి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చుని, నల్లగుడ్డును వెంట్రుకవాసి చొప్పున ముక్కువైపు జరిపాడు. "ఇంత చాలా?" అంటే "ఇంకొంచెం" అంది. మళ్ళీ జరిపాడు. నాలుగోసారికి పుష్పలత చెయ్యెత్తి ఆపింది. ఎక్కడ ఆపాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంత పెద్ద ముఖంలో అంత చిన్న మార్పుకు ఆ కంప్యూటర్‌లోని మనిషికి ప్రాణం వచ్చినట్టయింది. కొంచెం అల్లరిదానిలాగా కూడా ఉంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కిటికీలో ఎండ బాగా పడే వేళ చూసి, పుష్పలత ఆ పటాన్ని పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. ఎలీశమ్మ దాన్ని ఎత్తి ఎడమకంటికి దగ్గరగా పట్టుకుంది. కొంచెం దూరం జరిపింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. ఒక చెయ్యి తీసి పటంలో చెల్లెలి చెంప మీద మెల్లిగా ఒకటి వేసింది.

"నన్ను సూస్తున్నవానే, నా ఎనక గోడను సూస్తున్నవా?"

పుష్పలత చెయ్యి తన ఎడమకంటి మీదికి పోయింది.

"గిట్లంటె ఉరికొచ్చి కొడ్తుండె నన్ను" అని ఎలీశమ్మ నవ్వుతూ కన్నీళ్ళు తుడుచుకుంది. "అది పోయినంక నీ మొకంల అగుపడేది. ఊకుండలేక నిన్ను గూడ అంటుంటి. నువ్వు కొట్టకపోతుంటివి. మూలకు పోయి ఏడుస్తుంటివి. నిన్ను అన్నది గాదే పిచ్చిదానా, నీల ఉన్న దాన్ని అన్న."

ఎన్ని ఏళ్ళు మోసింది ఆ మాటను! పుష్పలత వచ్చి పెద్దమ్మ కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. తన ముఖాన్ని ఆ ఒక్క కంటికి ఎదురుగా, అన్నం ముద్ద కోసం పెట్టినంత దగ్గరగా పెట్టింది.

"ఇప్పుడను పెద్దమ్మా. నన్ను గూడ ఒక్కసారి గట్లను."

ఎలీశమ్మ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఎడమకంటిలోకి చాలాసేపు వెతికినట్టు చూసింది.

"ఇప్పుడేమంటనే బిడ్డా" అంది. "సక్కగ నన్నే సూస్తున్నవు గదా."