ఎర్ర పువ్వుకి ఆకుపచ్చ దారం

డాలియా దుంపలు నేలలో ఉన్నంతకాలం నాకు సరిగా నిద్ర పట్టదు. నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతాయి, తక్కువైతే ఎండిపోతాయి, మొలక పైకి వచ్చిందంటే నత్తలు కాచుకుని కూర్చుంటాయి. “చేతులకి కాస్త పని పెట్టుకోండమ్మా, మనసు కుదుటపడుతుంది” అని డాక్టరమ్మ చెబితే ఇంటి ముందు మొదలుపెట్టిన తోట ఇది. మనసు కుదుటపడడం దేవుడెరుగు, భయపడడానికి కొత్తగా ఇన్ని మొక్కలు దొరికాయి.

మా పెద్దది మందుల షాపులో పనిచేస్తుంది. దానికి నోరు ఎక్కువ. “నిన్ను చూసి జడుసుకునే తలలు వాల్చేస్తున్నాయమ్మా అవి” అంటుంది.

పూలకాలం అయిపోగానే దుంపలు తవ్వి, ఇసకలో దాచాలి. తవ్వాక అన్నీ ఒక్కలాగే ఉంటాయి, మట్టి కొట్టుకున్న చిలగడదుంపల్లా. ఏది ఏ రంగో తెలియాలంటే పువ్వు ఉండగానే కాడ మొదలుకి గుర్తు కట్టుకోవాలి. పోయినసారి ఆ పని చిన్నోడికి అప్పజెప్పాను. కుట్టుమిషను డబ్బాలోని దారపు ఉండలిచ్చి, ఏ రంగు పువ్వుకి ఆ రంగు దారం కట్టమన్నాను. పుస్తకాల్లోంచి తల ఎత్తనివాడు, పాపం, ఒక్క మాట అనకుండా కట్టాడు.

మళ్ళీ నాటే రోజులు వచ్చాక చూస్తే పసుపువి, తెల్లవి బాగానే ఉన్నాయి గానీ కొన్ని దుంపలకి ఆకుపచ్చ దారం ఉంది.

“ఒరేయ్, ఆకుపచ్చ డాలియా నీకెక్కడ కనిపించిందిరా?”

“ఎర్ర దారం అయిపోయిందమ్మా. చేతికి దొరికింది కట్టేశా.”

నమ్మాను. తరవాత దిండు గలీబు కుడుతూ డబ్బా తెరిస్తే ఎర్ర దారం ఉండ నిండుగా ఉంది. అప్పుడు కూడా, బద్ధకం వేసి అబద్ధమాడి ఉంటాడులే అనుకున్నాను. ఎందుకంటే నా బుర్రంతా వాడి ఉద్యోగం మీద ఉంది. రైలు నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గాడు. రాత్రీ పగలూ చదివి, కళ్ళు గుంటలు పడి, ఎట్టకేలకు నెగ్గాడు. ఇక వైద్యపరీక్ష ఒక్కటే మిగిలింది. పట్టాలు తప్పుతాయేమో, వంతెన కూలుతుందేమో, వీడు కునుకు తీస్తాడేమో అని అనుకోని రోజు లేదు. నేను అనుకోనిది ఒక్కటే మిగిలిపోయింది.

వైద్యపరీక్షకి సోమవారం రమ్మని కబురు వచ్చేసరికి డాలియాలు విరగబూశాయి. ఆకుపచ్చ దారం కట్టినవన్నీ ఎర్రగా, నెత్తురు ముద్దల్లా పూశాయి.

శుక్రవారం పొద్దున, “చిన్నోడా, అక్క షాపుకి పట్టుకెళ్తుందట, ఎర్రవి నాలుగు కోసుకురారా” అన్నాను. వంటగది కిటికీలోంచి వాడు కనిపిస్తూనే ఉన్నాడు. కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. ఎర్ర పూలు వాడి మోకాళ్ళకి తగులుతున్నాయి. వాడు మాత్రం పోగొట్టుకున్న తాళంచెవి వెతుక్కుంటున్నవాడిలా వంగి, ఆకులు తడిమి, ఒక్కో పువ్వునీ ముఖం దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు. తీసుకొచ్చిన నాలుగింటిలో రెండు ఎర్రవి. ఒకటి తుప్పురంగుది, ఒకటి ముదురు నారింజది.

“ఇవేగా?” అన్నాడు.

“ఇవే నాన్నా” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. పండిన టమాటాలు తెమ్మంటే సగం పచ్చికాయలు తెచ్చేవాడు. ధ్యాస లేదని అమ్మ తిట్టేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పెద్దదానికి చెప్పాను. ఎప్పుడూ ఎగతాళి చేసేది, ఆ పూట నా పక్కన వచ్చి కూర్చుంది. “షాపులో వాడిచేత మాత్రలు సర్దిస్తే రంగు చూడడమ్మా. ప్రతి అట్టా పేరు చదివి పెడతాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను” అంది. “రంగులు పోల్చుకోలేకపోవడం మగపిల్లలకి అమ్మ వైపునుంచే వస్తుందట. పోన్లే, సోమవారం కళ్ళ పరీక్షలో వాళ్ళే తేలుస్తారు. నువ్వేం అనకు.”

నాకు సిగ్గుచేటుగా ఒక రకం నెమ్మది కలిగింది. ఉద్యోగం రాదు, వాడు ఇంట్లోనే ఉంటాడు. టీ పట్టుకుని వాడి గది దాకా వెళ్ళాను. తలుపు వెనక నించి గొణుగుడు వినిపించింది. “పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది...” కొన్నాళ్ళుగా వింటున్నదే, లెక్కలు చేసుకుంటున్నాడనుకునేదాన్ని. సందులోంచి చూస్తే ఫోనులో, కళ్ళ పరీక్షలో చూపించే రంగురంగుల చుక్కల బొమ్మ. చుక్కల మధ్య అంకె నాకు ఇట్టే కనిపించింది. వాడు బొమ్మ చూడడం లేదు. కళ్ళు మూసుకుని వరస వల్లెవేస్తున్నాడు.

టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళూ వాడికేమవుతుందో అనే భయపడ్డాను. వాడి వల్ల ఇంకొకళ్ళకి ఏమవుతుందో అని భయపడడం అదే మొదలు. పెట్టెల నిండా జనం, ఒళ్ళో నిద్రపోయే పిల్లలు, ముందు మావాడు.

సాయంత్రం వాడు మొక్కలకి కర్రలు పాతుతుంటే పక్కన చేరాను.

“సోమవారం వెళ్ళకురా.”

“మొదలెట్టావా? సైకిలు వద్దన్నావ్, ఈత వద్దన్నావ్, లిఫ్టు కూడా ఎక్కొద్దన్నావ్. నీ మాట వింటే ఈపాటికి మంచం కింద కాపురం పెట్టేవాణ్ణి.”

నిజమే. అన్నిటికీ వద్దు వద్దని, ఇప్పుడు అసలైనదానికి అందామంటే నా దగ్గర మాట అరిగిపోయింది.

“ఈసారి నీ గురించి కాదురా. ఇవాళ నువ్వు కోసుకొచ్చిన నాలుగింటిలో రెండు ఎర్రవి కావు.”

కర్ర కొడుతున్న చెయ్యి ఆగింది. 

“సిగ్నల్లో ఏ లైటు ఎక్కడుంటుందో నాకు తెలుసమ్మా. పైదా కిందదా చూసుకుంటే చాలు.”

“మంచులో ఒక్క దీపమే మినుకుమంటే?”

వాడు చేతిలోని కర్రకి అంటిన మట్టి గోటితో గీకాడు.

“ఎప్పట్నుంచి తెలుసురా?”

“బళ్ళో మ్యాపుకి రంగులేసినప్పుడు. నదులకి ఊదారంగేశాను. అందరూ నవ్వారు. కావాలని వేసినట్టు నేనూ నవ్వేశా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నీకా?” అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో, అలసట ఒక్కటే. “ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రికి మోసుకెళ్ళేదానివి. ఇది చెబితే ఆ రాత్రి నిన్నెవరు పట్టుకునేవాళ్ళు?”

ఆ మాట నన్నెక్కడ తాకాలో అక్కడ తాకింది. ఏడిస్తే వాడన్నది నిజమైపోతుందని ఏడవలేదు. మీ తాతకీ అంతేరా, నా వైపునుంచే వచ్చింది అని చెప్పాను. టమాటాల సంగతి చెబితే వాడి పెదవి కొంచెం కదిలింది. తరవాత చేతిలోని కర్ర పక్కన పడేసి, “చూపించు. ఎక్కడున్నాయో చూపించు” అన్నాడు.

వాడి చూపుడువేలు పట్టుకుని ఒక్కో ఎర్ర పువ్వు మీదా ఆనించాను. ఇదిగో ఇది, దీని పక్కది, ఆకుల వెనక ఇంకోటి. వాడు కళ్ళు చిట్లించి చూశాడు. చివరికి, “ఆకుకీ దీనికీ తేడా తెలీడం లేదమ్మా. అస్సలు తెలీడం లేదు” అని తడి మట్టిలోనే కూలబడ్డాడు. పక్కన నేనూ కూర్చున్నాను. నడుం పట్టేసినా లేవలేదు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. చెబుతాడో, వల్లెవేసి నెగ్గుతాడో నేను అడగలేదు, వాడూ అనలేదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకున్నాడు.

“బొమ్మలు తీసేలోపే చెప్పేశా. అక్కడాయన మంచివాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వాళ్ళ గోదాములో ఖాళీ ఉంటే పిలుస్తారట.”

“తింటావా?”

“పడుకుంటా.”

పడుకున్న కాసేపటికే వాడి గురక వినిపించింది. నేను కంచం పెట్టుకుని కూర్చున్నాను. బిడ్డ ఇంట్లో ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు, రైలెక్కడు. వాడు పుట్టినప్పటినుంచి నేను అడిగిందల్లా ఇంతే. అయినా కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.