నిలబడ్డవాళ్ల లెక్క

తమ్ముడు కొలతల టేపు పట్టుకుని వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. కమ్యూనిటీ హాలు వెనక గదిలో, చాపల మీద, ఒకరి కాళ్లు ఇంకొకరి తల దగ్గర పెట్టుకుని ఇరవైమందికి అటూ ఇటూగా పడుకుని ఉన్నారు. కిటికీ ఊచలకు కట్టిన తాడు మీద తడిసిన చిన్న లాగులు ఆరుతున్నాయి. తలుపు పక్కన ఒక పాత గంగాళం, దాని నిండా బుల్లి చెప్పులు.

"అక్కా, టేపు ఈ చివర పట్టుకో" అన్నాడు గుసగుసగా.

ఆమె పట్టుకుంది. తమ్ముడు మోటార్ల మెకానిక్కు, ఎప్పుడూ ఏదో ఒకటి కొలుస్తూనే ఉంటాడు. గది ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచి, చెవి మీద పెన్సిలు తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"ఎందుకురా ఇది?"

"రెండు క్యారంబోర్డులు పడతాయా లేదా అని. గోడకి టీవీ. అదిగో, లాగులు ఆరేశావే, సరిగ్గా అక్కడ."

ఊళ్లో అందరూ ఆమెను పిల్లలమ్మ అంటారు. పన్నెండేళ్లు ఇటుకల బట్టీలో పనిచేసింది. మోసి మోసి కుడి భుజం పోయాక బట్టీవాళ్లు రావద్దన్నారు. అప్పటి నుంచి బట్టీకి వెళ్లే ఆడవాళ్ల పిల్లల్ని ఈ గదిలో చూసుకుంటోంది. తెల్లారేసరికి తల్లులు వచ్చి వదిలి వెళ్తారు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. ఆమె తిండీ బట్టా వాళ్లే వంతులవారీగా చూస్తారు. హాలు ఊరందరిదీ. వెనక గది ఖాళీగా బూజు పట్టి ఉంటే తనే ఊడ్చుకుని మొదలుపెట్టింది. అప్పుడు ఎవరూ వద్దనలేదు. బూజు పట్టిన గది ఎవడిక్కావాలి? సున్నం వేసి, కిటికీకి రెక్కలు పెట్టించి, మనుషులు కూర్చునేలా చేశాక అందరికీ కావాలి.

"మరి వీళ్లెక్కడికి పోతారు?" అంది.

"ఇంతకుముందు ఎక్కడుండేవాళ్లు?"

"బట్టీలో ఉండేవాళ్లు. నీకు తెలీదా?"

తమ్ముడికి తెలుసు. తెలియనివాడు ఆ ఊళ్లో లేడు. బట్టీ పక్కన బూడిద కుప్పలు పోస్తారు. పైకి చల్లగా, తెల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పు ఉంటుంది. ఆడుకుంటూ దాంట్లో కాలు పెట్టిన పిల్లవాడు ఇప్పటికీ కుంటుతూనే బడికి వెళ్తున్నాడు. వాడు తమ్ముడి పెద్దకొడుకే. వాడి చెల్లెలు ఇప్పుడు అదే గదిలో, వాళ్ల నాన్న కాళ్ల దగ్గర, నోట్లో వేలు పెట్టుకుని పడుకుని ఉంది. దాన్ని తొక్కకుండా టేపు చుట్టుకున్నాడు తమ్ముడు.

"నన్నేం చెయ్యమంటావే? కుర్రాళ్లంతా అడుగుతున్నారు. వానొస్తే ఆడుకోవడానికి చోటు లేదు. ప్రెసిడెంటు గారు సరేనన్నారు. సాయంత్రం మీటింగులో తీర్మానం. నువ్వూ రా."

"వచ్చి?"

"వచ్చి విను."

ఇక ఆ మీటింగు సంగతి చెప్పాలి. హాలు కట్టిన కొత్తలో చేతులెత్తి ఓటేసేవాళ్లు. అది కుదరలేదు. ఒకడు రెండు చేతులూ ఎత్తేవాడు, ఒకడు వీపు గోక్కోవడానికి ఎత్తేవాడు, చాలామంది ఊళ్లో బియ్యం మిల్లు యజమాని తమవైపు చూడగానే దించేసేవాళ్లు. అప్పుడు బడి నుంచి రిటైరైన మాస్టారు ఒక పద్ధతి పెట్టాడు. తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు కూర్చునే ఉండాలి. ఒప్పుకోనివాళ్లు లేచి నిలబడాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ కుర్చీలు ఇంటికొకటి. ఇంటికొకటి అంటే ఎవరు కూర్చుంటారో వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్లు వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడతారు. ఏళ్ల తరబడి అలా ఆనుకోవడంతో సున్నం గోడ మీద తలల ఎత్తున నూనె మరకల చార ఒకటి పడింది. హాలుకి ఎన్నిసార్లు వెల్ల వేసినా ఆ చార పోలేదు. ప్రతి తీర్మానానికీ అంతమంది ఆడవాళ్లు నిలబడే ఉన్నారు, ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే. ఈ లెక్క ఏమిటని ఒక్కడూ అడగలేదు. ఆడవాళ్లూ అడగలేదు, అదీ చెప్పాలి.

సాయంత్రం తల్లులు ఎర్రదుమ్ముతో వచ్చారు. పిల్లలమ్మ ఒక్కొక్కరికీ చెప్పింది. ఒకావిడ పిల్లవాడి ముక్కు తుడుస్తూ, "మనం చెప్తే వింటారా ఏంటి?" అంది. ఇంకొకావిడ, "మా ఆయనే టీవీ కోసం తిరుగుతున్నాడు, నేనేం మాట్లాడను?" అంది. మరదలు, అంటే తమ్ముడి భార్య, కూతుర్ని చంకన వేసుకుని ఏమీ అనలేదు. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. కొడుకు కాలు కాలిన రోజున కూడా అరవలేదు, ఎత్తుకుని ఆసుపత్రి దాకా పరిగెత్తింది.

"మాట్లాడొద్దు. రండి చాలు" అంది పిల్లలమ్మ. "రోజూ నిలబడేచోటే నిలబడండి."

వచ్చారు. ఎక్కడి పని అక్కడ వదిలేసి, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. టీకొట్టు పెద్దమ్మ కూడా వచ్చింది. మనిషి భారీగా ఉంటుంది, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కొట్టులో కూడా నిలబడే టీ పోస్తుంది.

మిల్లు యజమాని బల్ల వెనక కూర్చున్నాడు. ఊరికి ప్రెసిడెంటు ఆయనే. పక్కన మాస్టారు కలం మూత తీసి తీర్మానం చదివాడు. వెనక గదిని యువకుల ఆటలకు, వినోదానికి కేటాయించడమైనది, పిల్లల తల్లులు వేరే ఏర్పాటు చేసుకోవలసినది.

"ఒప్పుకోనివాళ్లు లేవండి" అన్నాడు ప్రెసిడెంటు. కుర్చీల వంక చూశాడు. కుర్చీల్లోంచి ఒక్కడూ లేవలేదు. "ఎవరూ లేవలేదు. మాస్టారూ, ఏకగ్రీవం అని రాసుకోండి."

"మేం లేచే ఉన్నాం కదండీ" అంది పిల్లలమ్మ వెనక నుంచి.

తలలన్నీ తిరిగాయి.

"ఏమ్మా?"

"ఒప్పుకోనివాళ్లు నిలబడాలన్నారు. నిలబడ్డాం. లెక్కపెట్టండి."

ప్రెసిడెంటు నవ్వాడు. "మీరు కుర్చీల్లేక నిలబడ్డారమ్మా. అది వేరు, ఇది వేరు."

"కుర్చీలు లేవని మాకు తెలుసండి. వెయ్యనిది మీరు."

"ఇంటికొక ఓటు. మీ ఇళ్లవాళ్లు కూర్చున్నారుగా."

"ఇంటికొక కుర్చీ అన్నారు. ఇంటికొక నోరు అనలేదు. పద్ధతి పెట్టింది మాస్టారే కదా, అడగండి."

మాస్టారు కలం మూత పెట్టాడు, తీశాడు. "సభకి వచ్చినవాళ్లు అనే అనుకున్నామండీ అప్పట్లో. అప్పట్లో ఆడవాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు, అందుకని..."

ప్రెసిడెంటు మొహం మాడ్చుకున్నాడు. కానీ మిల్లు నడిపేవాడికి ఎక్కడ ఏ మర తిప్పాలో తెలుస్తుంది. "సరే. అంత పట్టుదలగా ఉంటే అలాగే కానివ్వండి. చాపలు వేయించండి. ఆడవాళ్లందరూ కూర్చోండమ్మా. కూర్చున్నాక మళ్లీ అడుగుతాను. అప్పుడు ఒప్పుకోనివాళ్లు లేవండి, లెక్కపెడతాం. చాలా?"

పిల్లలమ్మకి అప్పుడు అర్థమైంది. నిలబడ్డవాళ్లు నిలబడి ఉండటానికి ధైర్యం అక్కర్లేదు. కూర్చున్నవాళ్లు లేవడానికి కావాలి. అదీ మొగుడి ముందు, బావ ముందు, మిల్లులో పనిచ్చేవాడి ముందు. వద్దనడానికి కూడా వీల్లేదు, లెక్క అడిగింది తనే. పిల్లలు పడుకునే చాపలే తెచ్చి పరిచారు.

"నన్ను కూర్చోమనకండయ్యా" అంది టీకొట్టు పెద్దమ్మ. "కూర్చుంటే లేవలేను."

"అందరూ అంటే అందరూ, పెద్దమ్మా. మళ్లీ లెక్క తప్పిందంటారు."

పెద్దమ్మ గోడ పట్టుకుని, ఒక కాలు చాపి, మూలుగుతూ కూలబడింది. పొద్దుటి నుంచి మట్టి తొక్కిన ఆడవాళ్లు కూర్చోగానే ఒళ్లు వదిలేశారు. కొందరు పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. మరదలు కూడా కూర్చుంది.

"వెనక గది యువకుల ఆటలకి" అన్నాడు ప్రెసిడెంటు, ఈసారి పొట్టిగా. "ఒప్పుకోనివాళ్లు లేవండి."

పిల్లలమ్మ లేచింది.

ఆమె ఒక్కతే. చుట్టూ కొంగులు కప్పుకున్న తలలు కనిపిస్తున్నాయి. ఒక్క తలా పైకి లేవలేదు. బట్టీలో తట్ట ఎత్తేటప్పుడు పట్టినట్టు భుజం పట్టేసింది. ముందు వరసలో తమ్ముడు కుర్చీలో వెనక్కి తిరిగి పెళ్లాం వంక చూస్తున్నాడు. కోపంగా ఏం లేడు. లేవదులే అని నమ్మకంగా ఉన్నాడు. మరదలు చాప ఈనెలు గిల్లుతోంది. రేపు తెల్లారి పిల్లలంతా వస్తే ఏ అరుగు మీద కూర్చోబెట్టాలి, లారీలు తిరిగే రోడ్డు పక్కన ఎవర్ని పట్టుకుని ఎవర్ని వదిలేయాలి అని ఆలోచిస్తూ నిలబడింది పిల్లలమ్మ.

"ఒకరు" అన్నాడు ప్రెసిడెంటు. "రాసుకోండి మాస్టారూ."

"ఉండండి" అంది టీకొట్టు పెద్దమ్మ. "నేనూ లేవాలి. లేపండే ఎవరైనా. చెప్పానా, కూర్చుంటే లేవలేనని."

రెండు చేతులూ చాచింది. ఎవరూ కదల్లేదు. చాచిన చేతులు అలాగే ఉన్నాయి. మరదలు కూతుర్ని పక్కావిడ ఒళ్లో పెట్టింది. లేచింది. పెద్దమ్మ చంక కింద చెయ్యి వేసింది. రెండో వైపు బట్టీ ఆవిడ, సాయంత్రం నేనేం మాట్లాడను అన్నావిడే, లేచి పట్టుకుంది. ఇద్దరికీ సరిపోలేదు. ఇంకొకావిడ వెనక నుంచి తోసింది. పెద్దమ్మ లేచి, గోడకి చేరబడి, ఊపిరి పీల్చుకుంది.

"సరే, పెద్దమ్మ లేచింది. ఇద్దరు" అన్నాడు ప్రెసిడెంటు. "లేపినవాళ్లు కూర్చోండి."

తోసినావిడ సగం వంగింది. మరదలు వంగలేదు.

"నీకేనమ్మా చెప్పేది. ఆవిడ్ని లేపడానికి లేచావు. ఇక కూర్చో."

"లేచాను కదండీ" అంది మరదలు. "ఉండనివ్వండి."

తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. "ఏంటే?" అన్నాడు.

"ఏంటంటే ఏంటి?" అంది ఆమె, మొగుడి వంక చూడకుండా. "పెద్దాడి కాలికి ఇప్పటికీ రోజూ నూనె రాసేది నేను. నువ్వు కాదు."

సగం వంగినావిడ మళ్లీ నిటారుగా అయింది. ఆ తర్వాత చప్పుడే వినిపించింది, గాజులు, చీరలు, చాపల చప్పుడు. ఒళ్లో పిల్లలున్నవాళ్లు పక్కవాళ్లకిచ్చి లేచారు, పక్కవాళ్లు వెనక్కిచ్చి లేచారు. కూర్చున్నవాళ్లు కూర్చునే ఉన్నారు కొందరు, లేదనను. మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్లు లేవలేదు. వాళ్లని తిట్టేవాడికి వాళ్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియాలి.

కుర్చీల్లోంచి మంగలి లేచాడు.

"నువ్వెందుకయ్యా?" అన్నాడు ప్రెసిడెంటు.

"మా ఆవిడ లేచిందండీ. నేను కూర్చుంటే ఇంటికెళ్లలేను."

నవ్వారు. ఆ నవ్వులో ఇంకో నలుగురైదుగురు మగాళ్లు లేచారు. లేవాలనుకుని ఎలా లేవాలో తెలియక ఆగినవాళ్లు వాళ్లు. ఊళ్లో అలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎవరో ఒకరు ముందు లేస్తే తప్ప పనికిరారు, కానీ అప్పుడు పనికొస్తారు.

"ఇవాళ్టికి వాయిదా వేద్దాం" అన్నాడు ప్రెసిడెంటు.

"లెక్క చెప్పి వాయిదా వెయ్యండి" అంది పిల్లలమ్మ.

మాస్టారు లేచి, కలంతో గాల్లో ఒక్కొక్కరినీ చూపిస్తూ వరస వెంట లెక్కపెట్టాడు. పెదవులు కదుపుతూ రెండోసారి లెక్కపెట్టాడు. కూర్చున్నవాళ్లని లెక్కపెట్టడానికి అంతసేపు పట్టలేదు. ప్రెసిడెంటు చెవిలో ఏదో అన్నాడు.

"బయటికి చెప్పండి మాస్టారూ, మాకూ చెవులున్నాయి" అంది పెద్దమ్మ.

"వీగిపోయింది" అన్నాడు మాస్టారు. "తీర్మానం వీగిపోయింది." అంటున్నప్పుడు ఆయన మొహంలో ఏదో వింత చూసినట్టు ఉంది. అన్నేళ్లుగా ఏకగ్రీవం తప్ప ఇంకో మాట రాసి ఉండడు మరి.

తమ్ముడు కుర్చీల మధ్య నుంచి వెనక్కి వచ్చాడు. పెళ్లాంతో మాట్లాడే ధైర్యం లేక అక్క మీద పడ్డాడు. "మరి మేం ఎక్కడ ఆడుకోవాలే?"

"అరుగు లేదా?"

"వానొస్తే?"

"వానొస్తే ఇంటికెళ్లి నీ కూతురితో ఆడుకో. అది నీకంటే బాగా ఆడుతుంది."

మరదలు నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు పక్కావిడ చేతిలోంచి కూతుర్ని తీసుకుని, ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక, తన కుర్చీ దగ్గరికే తీసుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. రెండు రోజులు మాట్లాడడని అక్కకి తెలుసు. మూడో రోజు పాపను వదలడానికి తమ్ముడే రావాలి, ఆ రోజు వంతు ప్రకారం మరదలు తెల్లారకముందే బట్టీకి వెళ్లాలి.

"అయిపోయిందిగా, కూర్చోండమ్మా" అన్నాడు ప్రెసిడెంటు, నుదురు తుడుచుకుంటూ. "తర్వాతి విషయానికి వెళ్దాం."

ఎవరూ కూర్చోలేదు.

"కూర్చోమన్నాను కదా."

"విషయం ఏంటో ముందు చెప్పండి" అంది పిల్లలమ్మ. "కూర్చోవాలో లేదో అప్పుడు చూస్తాం."