మొదటి బాస్కెట్ పడేదాకా

ఎల్డర్‌టన్ కాలేజీ హాల్లో ఓ ఆనవాయితీ ఉంది. బాస్కెట్‌బాల్ ఆట మొదలవగానే జనమంతా లేచి నిలబడతారు. సొంత జట్టు మొదటి బాస్కెట్ వేసేదాకా ఒక్కరంటే ఒక్కరు కూర్చోరు. చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి కూర్చోదు, కర్ర పట్టుకున్న ముసలమ్మా కూర్చోదు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇండియానా రాష్ట్రంలో ఆ మూల ఎవరూ చెప్పలేరు గానీ, కూర్చుని చూడండి, ఏమవుతుందో! చర్చిలో పాట మధ్య ఫోన్ మోగినవాణ్ణి చూసినట్టు చూస్తారు. మామూలు రోజుల్లో ఇదేం పెద్ద కష్టం కాదు. బంతి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి బాస్కెట్ పడుతుంది, అందరూ ఓ కేక వేసి, కూలబడి, పాప్‌కార్న్ పొట్లాలు విప్పుకుంటారు.

ఆ శనివారం మాత్రం డార్లాకు ఇంటి దగ్గరే గుండెల్లో దడ మొదలైంది. ఆమె భర్త రస్ హాలోవే ఆ జట్టుకు కోచ్. క్రిస్మస్ తర్వాత జట్టు గెలిచిన పాపాన పోలేదు. అతన్ని ఉంచాలా, సాగనంపాలా అన్నది కాలేజీ పెద్దలు సోమవారం తేలుస్తారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎక్కడికెళ్ళినా అదే గొడవ. పళ్ళ డాక్టరైతే ఆమె నోట్లో మర పెట్టి మరీ, "మీ ఆయనకి డిఫెన్స్ అంటే ఏంటో కాస్త నేర్పించమ్మా" అన్నాడు. నోరు తెరిచి ఉన్న మనిషి ఏం జవాబు చెబుతుంది?

అది చాలదన్నట్టు నాన్న ఒకరు. వెర్నన్ స్టకీ అంటే ఆ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. హైస్కూల్ జట్టుకు తరాల తరబడి కోచ్‌గా చేసి, కప్పుల మీద కప్పులు తెచ్చినవాడు. రస్ కూడా చిన్నప్పుడు ఆయన దగ్గర ఆడినవాడే. ఆయనకు గుండె ఆపరేషన్ అయి నెల తిరగలేదు. "ఆటకెళ్తే వెళ్ళండి, కానీ కుర్చీలోంచి లేవకూడదు. లేచి అరిచారో, మళ్ళీ నా దగ్గరికి కాదు, ఏకంగా పాస్టరు గారి దగ్గరికే" అని డాక్టరు చెప్పి పంపాడు.

"కూర్చుంటానే తల్లీ, మాటిచ్చాగా" అన్నాడు వెర్నన్ కారు దిగుతూ. "ఒంట్లో బాగాలేనివాణ్ణి కూర్చుంటే ఎవడేమంటాడు?"

నిజమే, ఇంకో రోజైతే ఎవరూ ఏమీ అనరు. కానీ మూడో వరసలో తమ కుర్చీల దగ్గరికి చేరేసరికి, వెనక వరసలో ట్రాక్టర్లమ్మే మెర్ల్ కెస్లర్ కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. ఆ హాల్లో అతనంత గొంతున్న మనిషి లేడు.

"చెప్పడం మర్యాద గనక చెప్తున్నా వెర్నన్, ఇవాళ మేం లేవం" అన్నాడు మెర్ల్. "రస్‌ని పంపించెయ్యాలనుకునేవాళ్ళంతా కూర్చునే ఉంటాం. ఉంచాలనుకునేవాళ్ళు నిలబడతారు. పెద్దలు అదుగో, ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళే లెక్క చూసుకుంటారు."

డార్లాకు నాన్న ముఖం వైపు చూడ్డానికే భయం వేసింది.

"నీకు బుద్ధుందా?" అన్నాడు వెర్నన్.

"నిన్నగాక మొన్న నువ్వే కదయ్యా, మీ అల్లుడు జట్టును కోళ్ళఫారం చేశాడన్నావు!"

"అన్నాను. మా ఇంట్లో, నా కంచం ముందు కూర్చుని అన్నాను. నీ సంతలోకొచ్చి అనలేదు."

హారన్ మోగింది. ఆట మొదలైంది. హాలు సగం లేచింది, సగం లేవలేదు. అలాంటి దృశ్యం ఆ గోడలు ఎన్నడూ చూసి ఉండవు. నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళను తిట్టారు, కూర్చున్నవాళ్ళు చేతులు కట్టుకుని వెక్కిరించారు. వెర్నన్ స్టకీ ముందు కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా లేచాడు.

"నాన్నా!"

"ఒక్క బాస్కెట్టే. పడగానే కూర్చుంటా."

పడితేగా! మొదటి బంతి రింగుకు తగిలి బయటికెళ్ళింది. రెండోది రింగుకు కూడా తగల్లేదు. అవతలి జట్టు మాత్రం వరసగా వేస్తూ పోయింది. రస్ గీత దగ్గర నిలబడి చేతులూపుతున్నాడు. కుర్రాళ్ళ కళ్ళు బంతి మీద లేవు, జనం మీద ఉన్నాయి. వాళ్ళను మాత్రం ఏమంటాం, సొంత ఊరే సగం వెన్ను చూపించాక!

డార్లా నాన్న మోచేయి పట్టుకుని నిలబడింది. కోటు మీంచి కూడా వణుకు తెలుస్తోంది. నుదుటి మీద చెమట. "కూర్చో నాన్నా, నీకు దణ్ణం పెడతాను" అంది.

"నేను కూర్చుంటే ఏమంటారో తెలుసా? సొంత మామే వదిలేశాడంటారు. సోమవారం దాకా కూడా ఆగరు."

"ఏమైనా అనుకోనీ!"

"నువ్వు నోరు ముయ్యి. ఆట చూడు."

ఇంతలో ఓ కుర్రాణ్ణి అవతలివాళ్ళు తోశారు, ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే ఫ్రీ త్రో వచ్చింది. బంతి నెట్లో పడింది. డార్లా 'హమ్మయ్య' అని నాన్న భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కదల్లేదు. నిలబడ్డవాళ్ళెవరూ కూర్చోలేదు. ఫ్రీ త్రో లెక్కలోకి రాదు, ఆడుతూ వెయ్యాలి. చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే అయినా ఆ క్షణాన ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనుషులు వీళ్ళు, ఏం పిచ్చి ఇది!

వెనక నుంచి మెర్ల్ అరిచాడు. "వెర్నన్, కూర్చోవయ్యా బాబూ! నీ వీపు తప్ప ఏమీ కనపడట్లేదు!" ఎవరో నవ్వారు. వెర్నన్ జవాబివ్వలేదు. అది చూసి డార్లాకు అసలు భయం పట్టుకుంది. మాటకు మాట అనకుండా ఊరుకునే మనిషి కాదు ఆయన. ఊపిరి అందడం లేదు, అందుకే ఊరుకున్నాడు. పెదవులు నల్లబడుతున్నాయి.

బలవంతంగా లాగితే పడిపోతాడు. డాక్టర్ని పిలుద్దామంటే చెయ్యి వదలాలి. ఏం చెయ్యాలో పాలుపోక ఆమె మొగుడి వైపు చూసింది. సరిగ్గా అప్పుడే రస్ కూడా ఇటు తిరిగాడు. ముసలాయన్ని చూశాడు. రిఫరీకి సైగ చేసి, ఆట కాసేపు ఆపే టైమ్‌అవుట్ అడిగాడు.

కుర్రాళ్ళు పరిగెత్తుకుంటూ అతని చుట్టూ చేరారు. రస్ వాళ్ళను అసిస్టెంటుకు వదిలేసి, బెంచీ దాటుకుని మెట్లెక్కాడు. హాలంతా ఓ పక్క గొణుగుడు, ఓ పక్క ఈలలు. మూడో వరస దగ్గరికొచ్చి ఆగాడు.

"కోచ్, కూర్చోండి" అన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మామను అతను ఇంకో పేరుతో పిలవలేదు.

"నీకేమైనా పిచ్చా?" వెర్నన్ గొంతు పీలగా వచ్చింది. "టైమ్‌అవుట్ తీసుకుని ఇక్కడికొస్తావా? ఎడమవైపు కుర్రాడు ఖాళీగా ఉంటున్నాడు. వాడికివ్వమని చెప్పు, పో!"

"చెప్తాను. ముందు మీరు కూర్చోండి."

"వాళ్ళు చూస్తున్నారురా."

"చూడనివ్వండి. జిల్లా ఫైనల్స్‌లో ఊరంతా చూస్తుండగా మీరు నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. ఎందుకని అడక్కుండా కూర్చున్నాను. ఇవాళ నేను చెప్తున్నా, కూర్చోండి."

వెర్నన్ తల అడ్డంగా ఊపాడు. "ఇంతమంది నీ కోసం నిలబడి ఉంటే, నేనెలా కూర్చునేది?"

రస్ హాలు వైపు తిరిగాడు. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు కిందికి ఊపుతూ, గొంతు చించుకుని అరిచాడు. "కూర్చోండి! దయచేసి అందరూ కూర్చోండి!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తన కోసం నిలబడ్డవాళ్ళను తానే కూర్చోమంటున్నాడేమిటి? అతను మళ్ళీ అరిచాడు. ముందు విద్యార్థుల వైపు ఓ వరస కూర్చుంది, తర్వాత ఇంకోటి. బ్యాండువాళ్ళు కూర్చున్నారు. కాసేపటికి అంత హాల్లోనూ నిలబడి ఉన్నవాళ్ళు ముగ్గురే మిగిలారు. అందులో డార్లా తన కుర్చీలో కూర్చుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఇప్పుడెవరూ లేరు, కోచ్" అన్నాడు రస్.

వెర్నన్ చుట్టూ చూశాడు. మోకాళ్ళు మడిచి, కూతురి చెయ్యి ఆసరాగా కూలబడ్డాడు. రస్ వైద్య సిబ్బందికి సైగ చేసి, పరుగున కిందికి వెళ్ళిపోయాడు. ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఓ అమ్మాయి వచ్చి, ముసలాయన ముక్కుకు మాస్కు పెట్టింది. టైమ్‌అవుట్ అయిపోయింది. కోచ్ నోట కొత్త ఎత్తు ఒక్కటి కూడా వినకుండానే కుర్రాళ్ళు మళ్ళీ ఆటలోకి దిగారు.

బాస్కెట్ పడింది. ఎడమవైపు కుర్రాడే వేశాడు. అప్పటికే అందరూ కూర్చుని ఉన్నారు గనక ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అక్కడక్కడ చప్పట్లు వినిపించాయి. ఎదురుగా కాలేజీ పెద్దల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పాడు, ఆయన తల ఊపాడు. సోమవారం ఏం జరగబోతోందో డార్లాకు అర్థమైపోయింది. ఉద్యోగం పోయింది. ఆ ఇల్లు, ఆ ఊరు, పిల్లల బడి అన్నీ పోయినట్టే. అయినా ఆమె వేళ్ళ కింద నాన్న నాడి కాస్త కుదురుగా కొట్టుకోవడం మొదలైంది. ప్రస్తుతానికి అది చాలనుకుంది.

మెర్ల్ ముందుకు వంగాడు. ఈసారి గొంతు తగ్గించే మాట్లాడాడు. "బాగున్నావా వెర్నన్? ఏమీ అనుకోకు గానీ, తనవాళ్ళను తనే కూర్చోబెట్టాక ఇంక నేను చెప్పేదేముంది? అతని పని అయిపోయినట్టే."

వెర్నన్ ముక్కు మీది మాస్కు తీశాడు. వద్దని డార్లా చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు.

"అయిపోయింది" అన్నాడు. "అతని చోట నేనుంటే ఇలా జరిగేది కాదు. ఆ టైమ్‌అవుట్ నేను ఆటకే వాడుకునేవాణ్ణి, మెర్ల్. ముసలాడు నిలబడి చస్తే చావనీ అనుకునేవాణ్ణి. నా కప్పులన్నీ అలా వచ్చినవే."

డార్లా మాస్కు తీసుకుని, నాన్న ముక్కుకు మళ్ళీ పెట్టి, రబ్బరు తాడు చెవుల వెనక సర్దింది.