గొర్రెగుట్ట మీద సిమెంటు బిళ్లలు

"గుట్టకు ఎర్రరంగు పూసి, ఎందుకు పూసిండ్రో చెప్పకుండ పోయిన దొంగలు మీరే! ముత్తవ్వ గోడ కూలగొట్టింది బండ గాదు, మీరే!"

మొగిలి అరుపుకు జీపు అద్దం కిందికి దిగింది.

సకల జనుల సమ్మె రోజులవి. మల్యాల దాటాక జగిత్యాల రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి రాళ్లవాడ జనం కూర్చున్నారు. పక్కనే టెంటు, టెంటులో మైకు. అంబులెన్సు వస్తే దారి ఇస్తున్నారు, పెళ్లి బస్సు వస్తే ఇస్తున్నారు. ఈ జీపుకు మాత్రం ఇవ్వలేదు. ఎండాకాలంలో వాడ వెనక గొర్రెగుట్ట దగ్గరికి వచ్చిన జీపు ఇదే. తోలేవాడు కోరుట్ల లతీఫుద్దీన్, మొగిలికి ఎరుకైన మనిషే. వెనక కూర్చున్నది సర్వే ఆఫీసరు సంజీవ్. గుట్టల్లో ఏ రాయి ఉందో, ఏ బండ పడేటట్టుందో చూసి పటాలు గీయడం అతని కొలువు. చుట్టిన పటం ఒకటి అతని మోకాళ్ల మీద ఉంది.

"మొగిలన్నా, నన్నైతే కొట్టకు. నేను జీపును తోలిన గని గుట్టను తోలలే," అన్నాడు లతీఫుద్దీన్.

నలుగురు నవ్వారు. మొగిలి నవ్వలేదు. ఎట్లా నవ్వుతాడు? మొన్నటి వానకు గుట్ట మీది బండ దొర్లి ముత్తవ్వ ఇంటి వెనక గోడను నేలకు కలిపింది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోబట్టి ముసలిది బతికింది. అంతకన్నా పెద్ద బండ ఇంకా పైనే ఉంది. దాని కిందనే వాడ. ఆ వరసలో మొగిలి ఇల్లు. ఆ ఇంట్లో ఈ గడియన తునికాకు కత్తిరిస్తూ అతని భార్య శ్రీలత.

"నేను మీవోణ్నే అన్నా. మాది వరంగల్. నేను గూడ జై తెలంగాణనే," అన్నాడు సంజీవ్.

"మావోనివైతే మా వాడకు రావాలె. గీ తొవ్వల ఎందుకున్నవ్? ఇది క్వారీకి వోయే తొవ్వ!"

గుట్టకు అవతలి దిక్కున గ్రానైటు క్వారీ ఉంది. అక్కడ మందు పేల్చినప్పుడల్లా వాడలో గూట్లోని గిన్నెలు కింద పడతాయి. సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గు ఆగింది. క్వారీ ఆగలేదు. దాని యజమాని ఆంధ్రావాడా అంటే కాదు, పక్క ఊరి పటేలే. జనం కూర్చున్న టెంటుకు గుడ్డ ఇచ్చింది కూడా ఆయనే.

"బండ ఏ దిక్కుకెల్లి పడ్డది?" సంజీవ్ జీపు దిగాడు. "పెద్ద పగులు కాడ మేం సిమెంటు బిళ్లలు పెట్టినం. అవి పలిగినయా?"

"పలుగుడేంది? నేనే పలగగొట్టిన. గడ్డపారతోని!" మొగిలి రొమ్ము విరిచాడు.

ఈ దిక్కున రాయి మీద ఎర్రగీత కనబడిందంటే ఆ రాయి అమ్ముడుపోయినట్టే. క్వారీవాళ్లు కోసే ముందు అట్లాగే గీస్తారు. అందుకే సర్వే జీపు పోయిన మర్నాడు వాడంతా గుట్ట ఎక్కింది. ఎర్రగీతల మీద సున్నం కొట్టి, ఆ పగులు మీదుగా బండ నిండా 'జై తెలంగాణ' అని రాసింది. బిళ్లలను మొగిలి పొడిచి పారేశాడు. ఆ దినం జనం చప్పట్లు కొట్టారు, కల్లు పోశారు.

సంజీవ్ మొహం పాలిపోయింది. "అయ్యో, ఆ ఎర్రగీతలు రాయి అమ్మేటియి గాదన్నా, పగులుకు గురుతులు! పగులుకు అటు ఇటు పట్టేటట్టు బిళ్ల అతికిస్తం. బండ జెర కదిలినా ముందుగాల బిళ్ల పలుగుతది. పలిగిందంటె కింద ఇండ్లు ఖాళీ చెయ్యాలె. మీ కావలిదాన్ని మీరే సంపుకున్నరు."

ఉత్త అరచేతుల్లో మొగిలికి గడ్డపార బరువు తగిలింది. ఏం పలగగొట్టాడో ఇప్పుడు తెలిసింది.

అప్పుడు ముత్తవ్వ కట్టె పట్టుకుని లేచింది. "సారూ, నాడు గుట్ట దిగినంక నా చేతి నీళ్లు తాగినవ్. గీ ముచ్చట అప్పుడెందుకు చెప్పలే? నోట్ల నాలికె లేదా?"

"జనం భయపడ్తరని పైవాళ్లు చెప్పొద్దన్నరవ్వా."

"భయపడ్తె లేచి ఉరుకుతుంటిమి గద, కొడుకా!"

మొగిలి సంజీవ్ చేతిలోని పటం గుంజుకుని జీపు బానెట్ మీద పరిచాడు. గుట్టకు గులాబీ రంగు, క్వారీకి నల్ల గీత, లారీల దారికి చుక్కలు. గుట్ట కింద, వాడ ఉండవలసిన చోట, ఉత్త తెల్ల కాగితం.

"మా ఇండ్లేవి?"

"ఇది రాయి పటం. ప్రమాదాల పటం వేరే ఉంటది. అది హైదరాబాదుల ఉన్నది."

"రాయి ఏడున్నదో చెప్పే పటం క్వారీకి అస్తది. సావు ఏడున్నదో చెప్పే పటం మాకు రాదా? తప్పు చేసిన, నేను పలగగొట్టిన. మరి మీరు? తెలిసి నోరు మూసుకున్నరు!"

ఆ మాట అంటుండగానే గుట్ట అవతల మందు పేలింది. జీపు అద్దాలు గలగలమన్నాయి. అందరి తలలూ గుట్ట వైపు తిరిగాయి. రోడ్డుకే కనబడే ఆ సున్నపు అక్షరాలు నాడు తాడు పట్టి సరిగ్గా రాసినవి. ఇప్పుడు సగం రాత పైన ఉంది, సగం రాత కిందికి జారింది. నడుమ ఒక మనిషి పట్టేంత నల్లటి సందు.

"శ్రీలతా..." మొగిలి ఒక్క తన్ను తన్ని రోడ్డు మీది రాయి పక్కకు తోశాడు. జనం మిగతా రాళ్లు లాగేశారు. లతీఫుద్దీన్ అడగకముందే జీపును వాడ వైపు తిప్పాడు.

"నేను రిపోర్టు రాసి పైవాళ్లకు..." అంటున్నాడు సంజీవ్.

మొగిలి టెంటులోని మైకు పెట్టె తెచ్చి అతని చేతుల్లో పడేశాడు.

"నీ రిపోర్టు ఎనుక రాసుకో. గీ మైకు పట్టి వాడ ఖాళీ చెయ్యుండ్రని ఇంటింటి ముంగట నీ నోటితోనే చెప్పు. క్వారీల మందు ఇయ్యాల్నే బందు పెట్టియ్యి. పటేలు రేకుల షెడ్డు తాళం తీపియ్యి, మా పిల్లలు అండ్ల పండుకుంటరు. హైదరాబాదుల దాసిన గా పటం తెప్పించి, తెలుగుల రాసి, పంచాయతీ గోడకు అంటియ్యి. గదంత అయ్యేదాక నువ్వు ఈడికెల్లి కదలవు. ఎక్కు సారూ, ఎక్కు! మైకు పట్టు!"