గౌరీదేవి గారి ఫ్రెంచి

కృష్ణమోహన్‌ని ఫ్రాన్సు పంపిస్తారని భిలాయి స్టీల్ ప్లాంటులో అనుకున్నది తొంభై నాలుగు ఎండాకాలంలో. అతను పనిచేసే మిల్లులోకి అక్కడి కంపెనీ యంత్రం ఒకటి రావాల్సి ఉంది. దాని కరెంటు పని నేర్చుకోవడానికి కొందరు ఎలక్ట్రీషియన్లు వెళ్లాలి. నాలుగు మాటలు వచ్చి ఉంటే మంచిదని ఫోర్‌మన్ చెప్పాడు.

భిలాయిలో ఫ్రెంచి చెప్పేవాళ్లెవరు? అతని భార్య పద్మశ్రీకి గౌరీదేవి గారు గుర్తొచ్చారు. క్యాంప్ 1 బస్తీలో వీళ్ల వెనక సందులోనే ఉంటారావిడ. భర్త దుర్గ్ రైల్వే స్టేషన్లో పనిచేసేవారు, ఇప్పుడు లేరు. కొడుకు రైల్వే డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఆవిడ పుట్టింది యానాంలో, అది ఇంకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండగా. బడి చదువంతా ఆ భాషలోనే.

అడిగితే మొదట ఒప్పుకోలేదు. మాట్లాడి నలభై ఏళ్లయింది, మర్చిపోయానన్నారు. మళ్లీ అడిగితే, మొగుడూ పెళ్లాం కలిసి వస్తే చూద్దామన్నారు. అలా పద్మశ్రీ కూడా వెళ్లి చాప మీద కూర్చుంది.

మొదట్లో అంతా ఇంట్లో వాడే మాటలు. ఉప్పు, తాళంచెవి, కిటికీ. నీళ్లని 'ఓ' అంటారు. పద్మశ్రీ గ్లాసు అందిస్తూ "ఓ" అంటే, కృష్ణమోహన్ తనని పిలిచిందనుకుని "ఏటి?" అనేవాడు.

క్రియల దగ్గర అతనికి చిక్కొచ్చింది. వెళ్లడాన్ని 'అలే' అంటారు. నేను వెళ్తున్నాను అనాలంటే మాత్రం 'జ వే'. ఇందులో 'అలే' ఎక్కడుందని వాదనకి దిగాడు.

"మనం 'రా' అని పిలుస్తాం. వచ్చినవాడు 'వచ్చాను' అంటాడు. అందులో 'రా' ఎక్కడుంది నాయనా?" అన్నారు గౌరీదేవి.

భిలాయిలో పుట్టి హిందీలో చదువుకున్న పద్మశ్రీ ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు. అప్పటినుంచి వంట చేస్తూ ఒక క్రియ తెలుగులో, అదే ఫ్రెంచిలో అనుకోవడం అలవాటైంది. మొగుడు తడబడినచోట ఆమె అందించేది.

వానలు మొదలయ్యాక ప్రయాణం ఆగిపోయింది. ఇంగ్లీషొచ్చిన తమ మనుషుల్నే ఇక్కడికి పంపుతామని ఆ కంపెనీ చెప్పింది. కృష్ణమోహన్ ఇక రామని గౌరీదేవి గారితో చెప్పేయమని భార్యని పంపాడు.

పద్మశ్రీ చెప్పింది. గౌరీదేవి సరేనమ్మా అని, పరిచి ఉంచిన చాప చుట్టబోయారు. ఆ చుట్టడం చూసి పద్మశ్రీకి మనసొప్పలేదు. తానొక్కతీ వస్తే చెబుతారా అని అడిగింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే కృష్ణమోహన్‌కి చిరాకేసింది.

"ఇంకెందుకది? ఎవళ్లతోటి మాట్లాడతావు?"

"గౌరీ పిన్నిగారితో."

"ఆవిడకి తెలుగొచ్చు కదా."

"వచ్చు. కానీ ఫ్రెంచిలో అయితే వాళ్ల నాన్నగారి సంగతులు చెప్తారు. తెలుగులో ఎప్పుడూ చెప్పలేదు."



చలికాలంలో ఒక సాయంత్రం పద్మశ్రీ ఇంటికి రావడం ఆలస్యమైతే అతనే పిలవడానికి వెళ్లాడు. లోపల ఇద్దరూ నవ్వుతున్నారు. గౌరీదేవి గారు నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆవిడ అంత నవ్వు నవ్వడం అతను చూడలేదు. గుమ్మంలో అతన్ని చూసి ఆవిడ ఫ్రెంచిలోనే కూర్చోమన్నారు. అర్థమైంది, కూర్చున్నాడు.

వాళ్లు మళ్లీ మాటల్లో పడ్డారు. తన భార్య తడుముకోకుండా జవాబులు చెబుతుంటే అతను వింటున్నాడు. మాటిమాటికీ వస్తున్న ఒక పదం అర్థంకాక, అదేటని అడిగాడు. పద్మశ్రీ తెలుగులో చెప్పబోయింది. గౌరీదేవి వద్దని ఆపి, గోడమీద బల్లిని వేలితో చూపించారు.