పళ్ళెం నా ముందు ఆగినప్పుడు

ఆ గాంధార స్వరాన్ని అలా గోడకి మేకు కొట్టినట్టు నిలబెడితే అది ఆనందభైరవి ఎలా అవుతుంది, కాస్త ఊగాలి, అటూ ఇటూ ఊగి వచ్చి కూర్చోవాలి, కీబోర్డు ముందున్న ఆరోన్ గారికి ఈ వారమంతా ఫోన్లో అదే చెప్పాను, బ్యాంకు మేనేజరు కదా, అన్నీ ఓపిగ్గా వింటారు, విని చివర్న, మీట నొక్కితే మోగుద్ది గానీ వంగదు కదండీ మేడమ్, అంటారు, నిజమే, వంగేది గొంతే, అందుకేగా విజయవాడలో పిల్లలకి సంగీతం చెప్పుకునే ఛాయాదేవిని, అంటే నన్ను, చల్లపల్లి దాటించి ఇంత దూరం తీసుకొచ్చి ఈ చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చోబెట్టారు, వాళ్ళ పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రాగం పేరూ తాళం పేరూ అచ్చువేసి ఉంటాయని నాకు మొన్నటిదాకా తెలియదు, ఎవరు కట్టుకున్నారో మహానుభావులు, వాళ్ళ దేవుణ్ణి మన రాగంలో కూర్చోబెట్టి హాయిగా పాడుకున్నారు, మన రాగం ఏమిటిలే, రాగానికి గోత్రమూ లేదు, బాప్తిస్మమూ లేదు, తర్వాత వచ్చినవాళ్ళు ఆ పేర్లు చూడకుండా దాటేసి సినిమా పాటలా లాగించేశారు, ఇదిగో, రెండో చరణం ఎత్తుకున్నారు, ముందు వరసలో మాణిక్యమ్మ గారు, పళ్ళు లేని నోటితో ఎంత ముద్దుగా ఊపిందో ఆ గాంధారాన్ని, మిగతావాళ్ళంతా ఆవిడ వెనకే, నా చెయ్యి తొడ మీద ఆది తాళం వేస్తూనే ఉంది, పాట అయిపోయింది, అంతా ఒక్కసారి ఆమేన్ అన్నారు, నేను భేష్ అనబోయి నాలిక్కరుచుకున్నాను.

నెత్తి మీద కొంగు జారుతోంది, పక్కన కూర్చున్న సువార్తమ్మ నా వైపు చూడకుండానే చెయ్యి చాపి సర్దింది, ఈ కొంగొకటి, మా గుడిలో ఇలా వేసుకుంటే మా అమ్మ తొడపాశం పెట్టేది, పసుపూ కుంకుమా పెట్టుకుని ఆ ముసుగేమిటే అని, ఇక్కడేమో వేసుకోకపోతే మర్యాద కాదు, సరే, వాళ్ళింట్లో వాళ్ళ పద్ధతి, బొట్టు మాత్రం తియ్యనని సువార్తమ్మకి ముందే చెప్పాను, మిమ్మల్నెవరు తియ్యమన్నారు వదినగారూ, బొట్టు లేకపోతే నేనే గుర్తుపట్టను మిమ్మల్ని, అంది, పొద్దున వాళ్ళ కారెక్కుతుంటే మా ఆయన బాల్కనీలోంచి, సాయంత్రానికి పేరు మార్చుకోకుండా రా, ఆధార్ కార్డు మార్పించడం నావల్ల కాదు, అని అరిచారు, వాచ్‌మన్‌తో సహా అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఉయ్యూరు దగ్గర ఎర్రబట్టల భవానీలు ఇరుముడులు నెత్తిన పెట్టుకుని దుర్గమ్మ కొండ వైపు నడిచిపోతూ ఎదురయ్యేసరికి గుండె కలుక్కుమంది, అందరూ అమ్మ దగ్గరికి పోతుంటే నేనొక్కదాన్నే ఎదురు దిక్కున పోతున్నానే అని, సువార్తమ్మ భర్త ఫిలిప్ గారు వాళ్ళకి దారిచ్చి కారు పక్కకి ఆపారు, ఆ కాసేపట్లో దుర్గమ్మకి చెప్పుకున్నాను, పాట చెప్పడానికి పోతున్నానమ్మా, నీ కొంగు వదలను అని, అమ్మ ఏమీ అనలేదు, మౌనం అర్ధాంగీకారం అంటారు, మిగతా సగం నేనే కలుపుకున్నాను.

అసలు నన్నిక్కడికి రప్పించింది ఆనందభైరవి కాదు, కార్తీకమాసంలో మా ఇంట సత్యనారాయణ వ్రతం నాడు నేనన్న మాట, అది నాకూ సువార్తమ్మకీ మధ్య ముల్లులా ఉండిపోయింది, మా ఎదురు ఫ్లాట్ ఆవిడది, ప్రతి ఏడూ తెల్లారేసరికి వచ్చేస్తుంది, మామిడాకులు గుచ్చుతుంది, అరటిపిలకలు దగ్గరుండి కట్టిస్తుంది, కథంతా బుద్ధిగా కూర్చుని వింటుంది, తీరా ప్రసాదం దగ్గరికి వచ్చేసరికి, నాకొద్దండి వదినగారూ, అని మెల్లిగా లేచిపోతుంది, ఏళ్ళ తరబడి దిగమింగుకున్నాను, నోరు మంచిదైతే ఊరు మంచిదని పిల్లలకి చెప్పే పంతులమ్మని, ఈసారి నా నోరు ఊరుకోలేదు, మామూలు రోజుల్లో నా చేతి రవ్వకేసరి గిన్నె నాకి ఇస్తారు గదా, దేవుడికి పెట్టేసరికి చేదయిందా, మా దేవుడు మీ కంటికి ఆనడా, అని చుట్టాలందరి ముందూ అడిగేశాను, ఆవిడ ముఖం వాడిపోయింది, మా నమ్మకం అంతేనండి, అని తలొంచుకుని వెళ్ళిపోయింది, ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరం అంతస్తుల నంబర్లు చూసుకోవడమే, నా కుడిభుజానికి ఆపరేషనయినప్పుడు రోజూ వచ్చి తలదువ్వి జడేసిన మనిషి, ఆ మనిషితో మాటల్లేకపోతే ఇల్లంతా బోసిపోయినట్టుండేది, చివరికి ఆవిడే తలుపు కొట్టి, మా పుట్టినూరి చర్చిలో క్రిస్మస్ నెల మొదటి ఆదివారం పాత కీర్తన సరైన రాగంలో పాడించాలండి, మీరు కాక నాకెవరు తెలుసు, అంది, అది రాజీ అని తెలుస్తూనే ఉంది, రాజీకొచ్చిన మనిషిని గుమ్మంలో ఎలా నిలబెడతాం, ఒప్పుకున్నాను, వచ్చాను, కారులో చలి గురించీ ఉల్లిపాయల ధర గురించీ మాట్లాడుకున్నాం, ఆ ముల్లు జోలికి మాత్రం ఎవరమూ పోలేదు, ఇలాగే తిరిగి ఇంటికి పోతే ఇక ఎప్పటికీ దాని జోలికి పోమేమో, ఆవిడ లేకుండా వచ్చే కార్తీకం ఎలా గడుస్తుందో తలుచుకోవాలంటేనే దిగులుగా ఉంది.

పాస్టర్ గారేదో చెబుతున్నారు, నేను వినడం లేదు, అందరూ తలలు వంచారు, నేనూ వంచాను, ఎత్తేసరికి ఎదురుగా తెల్లచొక్కా వేసుకున్న సంఘపెద్ద, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో తెల్లబట్ట మీద చిన్న చిన్న రొట్టెముక్కలు, నా చెయ్యి, నా పాడు చెయ్యి, నన్నడక్కుండానే లేచింది, ఎడంచేతిలో చీర కొంగు చివర, దాని మీద కుడిచెయ్యి దొప్పలా వంచి, అచ్చం గుళ్ళో తీర్థానికి పట్టినట్టు పట్టేశాను, పళ్ళెం వస్తే చెయ్యి చాపడం పుట్టినప్పటి అలవాటు, పెద్దాయన ఆగిపోయారు, ఆయన చూపు నా బొట్టు మీద, తర్వాత సువార్తమ్మ మీద, అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ ప్రభువు బల్ల ఉందండి, ప్రభువు శరీరమని రొట్టె ఇస్తారు, బాప్తిస్మం పొందినవాళ్ళే తీసుకుంటారు, మీరేం మొహమాటపడక ఊరికే కూర్చోండి, అని ఫిలిప్ గారు కారు దిగేటప్పుడు చెప్పనే చెప్పారు, ఇప్పుడేం చెయ్యను, తీసుకుంటే వీళ్ళ నియమం చెడగొట్టినదాన్నవుతాను, వద్దంటే, అయ్యో, ప్రసాదం కాదన్నవాళ్ళకి ఏమవుతుందో వ్రతంలో ఏటేటా గొంతెత్తి చదివేది నేనే, పడవలు మునుగుతాయి, అల్లుళ్ళు కనపడకుండా పోతారు, నాకు పడవా లేదు అల్లుడూ లేడు, అయినా భయమే, సువార్తమ్మ నా చేతివైపే చూస్తోంది, చెయ్యి పట్టుకుని ఆపదు, కానివ్వండి అని సైగా చెయ్యదు, అంతా నాకే వదిలేసింది, గోరంత ముక్క, తింటే ఏం పోయింది, దుర్గమ్మ ఏమీ అనుకోదు, ఇక్కడివాళ్ళూ పెద్దమనసుతో నవ్వి ఊరుకుంటారు, ఉత్త రొట్టెముక్కేగా.

ఉత్త రొట్టెముక్క కాదు, అదే కదా సంగతి, ఉత్త రొట్టెయితే ఈపాటికి తినేసి చెయ్యి తుడుచుకుని ఉండేదాన్ని, ఆ పెద్దాయన పళ్ళేన్ని పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నారు, దీన్ని తీసుకోవడమంటే నేను నీదాన్ని అని మాటివ్వడం, ఆ మాట నేను చిన్నప్పుడే కొండ మీది ఆవిడకి ఇచ్చేశాను, అదే మాట ఇంకోచోట ఇస్తే రెండు చోట్లా అబద్ధమే అవుతుంది, కొంగు వదిలేసి, రెండు చేతులూ జోడించి ఆ పళ్ళేనికి దణ్ణం పెట్టుకున్నాను, నాకొద్దండీ, అన్నాను, మెల్లిగానే వచ్చింది మాట, కోపమూ లేదు, భయమూ లేదు, పెద్దాయన తలూపి, మంచిదమ్మా, అని పక్కకి జరిగారు, సువార్తమ్మ తన ముక్క తీసుకుని కళ్ళు మూసుకుంది, మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు, పెదవుల మీద నవ్వు, ఇంత సంతోషం ఈ మనిషి ముఖంలో నేనెప్పుడూ చూడలేదు, చూస్తుంటే నాకూ కళ్ళు చెమర్చాయి, ఎందుకంటే నా నోటివెంట ఇప్పుడొచ్చిన మాట ఎక్కడ విన్నదో అప్పుడు తెలిసింది, ఏళ్ళుగా మా హాల్లో ఈవిడ అన్న మాటే అది, రవ్వా పంచదారా నెయ్యీ మాత్రమే అనుకుని ఉంటే ఈవిడ కూడా తినేసి గిన్నె నాకి ఇచ్చేదే, దేవుడికి పెట్టాం అన్న మా మాటకి విలువిచ్చింది గనకే ముట్టుకోలేకపోయింది, నేనేమో మా దేవుడు ఆవిడ కంటికి ఆనలేదని దెప్పాను, ఆనకపోవడమేమిటి, ఆ రోజు మా చుట్టాలంతా ఫోన్లు చూసుకుంటూ మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని తిన్నారు, ఇంటినిండా ఉన్న జనంలో అది దేవుడిదని ఒక్క క్షణం ఆగి ఆలోచించింది సువార్తమ్మ ఒక్కతే.