మిద్దె మీది మరక

మా ఇల్లు ఇంట్లో కంటే ఫొటోలో బాగుంటుంది. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అనలేదు. ఫొటోలో మిద్దె గోడలు తెల్లగా ఉంటాయి. ముందు కుర్చీలో ఊళ్ళో ఏసుగుడి కట్టించిన తెల్లదొర, ఆయన పక్కన బైబిలు పట్టుకుని మా ఆయన తాత. వాన వస్తే ఆ ఇంట్లో ఎక్కడెక్కడ గిన్నెలు పెట్టాలో ఫొటోలో కనపడదు. అది నాకొక్కదానికే తెలుసు.

మా ఆయన ఏసేపు పక్షవాతంతో మంచం పట్టాడు. ఆ మంచం పట్టే చోటు ఇంట్లో ఒక్కటే, నడిమింట్లో, సరిగ్గా కప్పును మోసే చెదలు తిన్న దంతెల కింద. మాది మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు పైన కొత్తగా చౌడు మట్టి పొయ్యకపోతే కారుతుంది, పోస్తే ఆ బరువుకు దంతెలు వంగుతాయి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఇదే. పోయినేడు వానల్లో తలకాయంత మట్టిపెళ్ల ఆయన దిండు పక్కన పడింది.

"కొంచెం ఇట్ల పడింటే నీకు సాకిరి తప్పేది మే" అని నవ్వాడు ఏసేపు.

నాకు నవ్వు రాలేదు. దిండు మీది మట్టి దులిపాను. ఈ మిద్దె పడగొట్టి, వచ్చే వానల లోపల ఆయన మంచం మీదికి స్లాబు తేవాలని ఆ రోజే అనుకున్నాను.

స్థలం మాది కాదు, చర్చి సంఘానిది. తాత బోధకుడుగా పనిచేసినప్పుడు ఉండమని ఇచ్చారు. సంఘపెద్ద దావీదురాజన్న ఒప్పుకుంటేనే మాకు గవర్నమెంటు ఇల్లు వస్తుంది. ఆయన మొదట ఒప్పుకున్నాడు కూడా. "మనిషి కంటే ఇల్లు ఎక్కువనా? కట్టుకో పాపా" అన్నాడు. ఆ మాట కాగితం మీదికి ఎక్కేలోపల ఫొటోలు వచ్చిపడ్డాయి.

తెచ్చినవాడు కల్లూరు ఉమామహేశ్. పాత ఫొటోలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పంపేదాన్ని, నాకు సులువుగా ఉండేది. దొర మనవళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ అటకల మీది ఫొటోలన్నీ తెప్పించాడు. గుడికి రాళ్ళు మోస్తున్న మనుషులు, బడిలో నేల మీద కూర్చున్న పిల్లలు, మా మిద్దె. కర్నూల్లో ఒక హాలు తీసుకుని వాటిని పెద్దవి చేయించి పెట్టాడు. సంఘమంతా ఆటోల్లో పోయింది. ఏసేపును పక్కింటి లక్ష్మక్కకు అప్పజెప్పి నేనూ పోయాను.

మా మిద్దె ఫొటో గోడంత ఉంది. దొర ముందు అందరూ బిగుసుకుని నిలబడ్డారు. మిద్దె మీద మాత్రం పొగలాగా ఒక తెల్లటి మరక ఉంది.

"ఫొటో ఆడ పాడైంది. కంప్యూటర్లో తుడిపిస్తాండా" అని పక్కవాళ్ళకు చెప్తున్నాడు ఉమామహేశ్.

నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ నా మనసు ఆగలేదు.

"తుడపొద్దు సార్. అది మా జేజి" అన్నాను.

అది ఏసేపు వాళ్ళ నాయన తల్లి. ఈ ఫొటో సంగతి ఆమె మనవళ్ళకు కథలాగా చెప్పేదట. దొర అందరినీ కదలొద్దన్నాడు. జేజి అప్పుడు మిద్దె మీద చౌడు పోస్తోంది, పడమట మబ్బు లేచింది. "దొర చెప్తే నేను నిలబడతా, మబ్బు నిలబడతాదా?" అని గంప దించనే లేదట. అప్పటి కెమెరాకు కదిలేవాళ్ళు దొరకరు. అందుకే ఇంటిల్లిపాదీ ఫొటోలో పడ్డారు, ఇల్లు నిలబెట్టిన మనిషి మాత్రం మరకైంది.

ఉమామహేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఇప్పుడు ఎవురు పోస్తాండారక్కా?" అని అడిగాడు.

"నేనే" అన్నాను, కాస్త గొప్పగానే. నన్ను పట్టిచ్చింది ఆ ఒక్క మాటే.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరెవరో వచ్చి నా చేతులు పట్టుకుని చూశారు. తిరుగు ఆటోలో దావీదురాజన్న నా వైపు చూడకుండా అన్నాడు, "ఇట్లాంటి మిద్దెను పడగొడితే రేపు సంఘం మొగాన ఉమ్ముతారు పాపా. కొన్నాళ్ళు ఆగు."

"ఆయన మీద పడితేనో అన్నా?"

"పాత ఇండ్లు బాగుచేసేటోళ్ళకు రాస్తాం. వస్తారులే."

ఎవరూ రాలేదు. చూసేవాళ్ళు మాత్రం ఆదివారం ఆదివారం వచ్చారు. గడప తొక్కి, గోడ తడిమి, మంచంలో ఉన్న ఏసేపుకు నమస్కారం పెట్టి పోయేవాళ్ళు. కారకుండా పైన ప్లాస్టిక్ పట్ట పరిస్తే, ఫొటోకు అసహ్యంగా ఉందని దావీదురాజన్న తీయించాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. నాకు ఒళ్ళు మండి ఆయన మొహం మీదే చెప్పాను.

"ఈ యేడు చౌడు పొయ్యనన్నా. కూలితే కూలనీ."

అనడానికి బాగానే ఉంది. కూలితే కింద ఉండేది ఎవరు? లక్ష్మక్కది ఒంటిగది రేకుల ఇల్లు. మంచం పట్టిన మనిషిని ఇంకెక్కడికి మొయ్యను? నా పంతం కూడా ఆ మిద్దె కిందే పడుకుని ఉంది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకుంది. కాసేపు వాకిట్లో నిలబడి చూశాను. తర్వాత గంప ఎత్తుకుని నిచ్చెన ఎక్కాను. పైన అడుగు వేస్తే దంతెలు కిర్రుమంటున్నాయి. నా బరువూ మట్టి బరువూ ఆయన గుండెల మీద మోపుతున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది.

"అక్కా!"

కింద ఉమామహేశ్, చేతిలో కెమెరా. పక్కన దావీదురాజన్న. మబ్బు చూసి ఫోన్ చేసి పిలిపించింది దావీదురాజన్నే. నేను పోస్తానని నాకంటే ముందు ఆయనకే తెలుసు.

"జేజి ఉండిన తావులోనే, గంప నెత్తిన పెట్టుకోని ఒక్క నిమిషం కదలాకండక్కా" అన్నాడు ఉమామహేశ్.

నేను నిలబడలేదు. కావాలనే గబగబా పోశాను, తిరిగాను, వంగాను, చేతులు విసిరాను. నేనూ మరకైపోవాలి. రేపు ఎవడో కంప్యూటర్లో తుడిచేస్తే ఈ మిద్దె నుంచి ఫొటోలోనైనా బయటపడతాను.

ఉమామహేశ్ నిచ్చెన ఎక్కి వచ్చి, కెమెరా వెనక చిన్న తెర చూపించాడు. అందులో నేనున్నాను. తెరిచిన నోరు, కారుతున్న చెమట, గంపలోంచి జారుతున్న మట్టి, అంతా గాల్లో ఆగిపోయి ఉంది. ఎక్కడా చెదరలేదు.

"ఇప్పటి కెమెరాలకు కదిలినా ఏం గాదక్కా. ఆపేస్తాయి" అన్నాడు సంతోషంగా.

మెడ మీద మొదటి చినుకు పడింది. కింద నుంచి ఏసేపు గొంతు వినిపించింది.

"అయిపాయనా మే? మొగం మీద మట్టి రాలతాండాది."

"ఇంగా శానా ఉండాది. కండ్లు మూసుకో" అని చెప్పి, గంప ఎత్తుకున్నాను.